నదిపై శీతాకాల నక్షత్రాలు: ఒక ఛాయాగ్రహణ పాఠం

ఆకాశంలో కృత్తికలకు, లుబ్ధకునికి నడుమ గల దూరం సుమారు 60 డిగ్రీలు. రోహిణి, మృగశిర, ఆర్ద్ర ఈ మేరలోనే ఉన్నాయి. శీతాకాలపు ఆకాశ వైభవంలో అధికభాగం ఇక్కడే ఇమిడి ఉన్నదన్నా తప్పులేదు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము పరిమాణం గల కెమెరాకు 50 మి.మీ. సాధారణ కటకాన్ని అమర్చితే అడ్డంగా చిత్రంలోకి వచ్చేది 40 డిగ్రీలే. 24 మి.మీ. విశాలకోణ కటకం 74 డిగ్రీలను అందుకుంటుంది. నక్షత్రాలతోపాటు నదిని కూడ చూపదలచినవారు దానిని ఎన్నుకోవడానికి కారణమిదే.

అయితే కటకం కంటె ముందుగా తేల్చుకోవలసినది నది ఏ దిక్కున ఉన్నదన్న విషయం. ఒరాయన్ మండలం నడుమ వరుసగా మెరిసే మూడు చుక్కలను తెలుగువారు గొల్లకావడి అంటారు. అది ఖగోళ మధ్యరేఖకు అతి సమీపంలో ఉన్నందున దేశంలో ఎక్కడి నుండి చూచినా సరిగా తూర్పున ఉదయించి పడమట అస్తమిస్తుంది. కాశీలో గంగ ఉత్తరాభిముఖంగా ప్రవహిస్తుంది; ఘాట్లు పడమటి ఒడ్డున ఉన్నాయి, ఎదుట ఇసుకతిన్నెలు. డిసెంబరు మధ్యలో సాయంత్రం 6 గంటల ప్రాంతంలో గొల్లకావడి ఆవలిగట్టు మీదుగా పైకి వస్తుంది. ఏడున్నరకు దాదాపు 20 డిగ్రీల ఎత్తున నిలుస్తుంది. పొగమంచు కమ్మని రాత్రి దొరకడం మాత్రం అదృష్టమే. రాజమహేంద్రవరంలో ఇది తారుమారు. అక్కడ గోదావరి పట్టణానికి పడమట ఉన్నది. కనుక రేవులో నిలబడినవారికి గొల్లకావడి నీటిపై ఉదయించదు. ఫిబ్రవరి చివరలో, అర్ధరాత్రి దాటిన పిమ్మట, కొవ్వూరు వైపు వాలుతుంది.

ప్రతిబింబం కూడ కావాలంటే మరొక లెక్క ఉన్నది. నక్షత్రం క్షితిజానికి ఎంత ఎత్తున ఉంటే దాని ప్రతిబింబం అంత దిగువన కనిపిస్తుంది. 20 డిగ్రీల ఎత్తున ఉన్న చుక్కకు నిలువున 40 డిగ్రీల చోటు అవసరం. 24 మి.మీ. కటకం గల కెమెరాను అడ్డంగా ఉంచినా 53 డిగ్రీలు లభిస్తాయి. చుక్కలు నడినెత్తికి చేరువైతే ఈ వీలు ఉండదు. పారే నీటిలో లుబ్ధకుని వంటి ప్రకాశవంతమైన తార సైతం చుక్కగా కాక అదిరే గీతగా పడుతుంది. ఇసుకతిన్నెల నడుమ నిలిచిన నీరు ఇందుకు మేలు.

భూభ్రమణం వలన ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. 500ను కటక నాభ్యంతరంతో భాగించగా వచ్చే సెకన్లకు మించి షట్టరు తెరచి ఉంచితే చుక్కలు సాగిపోతాయి, 24 మి.మీ. కటకానికి ఇది సుమారు 20 సెకన్లు. కెమెరాను ముక్కాలిపీటపై బిగించి, కటకరంధ్రాన్ని 2.8 వద్ద, ఐ.ఎస్.ఓ.ను 1600 లేదా 3200 వద్ద ఉంచడం పరిపాటి. చీకటిలో యంత్రం తనంత తాను ఫోకస్ చేయలేదు. ఒక ప్రకాశవంతమైన తారను చూచి చేతితో సరిచేయాలి. నదీతీరపు చెమ్మ కటకంపై పేరుకుంటుంది కనుక మధ్యమధ్య పరిశీలించాలి.

తెలుగునాట పిల్లలకోడి, హిందీ పల్లెలలో కచ్‌పచియా అని పిలిచే కృత్తికలలో చీకటి రాత్రి మామూలు కంటికి ఆరు తారలు కనిపిస్తాయి. పట్టణ దీపాల వెలుగులో ఆ గుంపు మసకమరకగా మారుతుంది. ఆ వెలుగు ఎక్కువైన చోట పేరు తెలిసిన పిల్లలకు కూడ చూపడానికి గుంపు మిగలదు. లడఖ్‌లోని హాన్లే 2022లో చీకటి ఆకాశ రక్షణ ప్రాంతమైంది. నదీతీర పట్టణాలకు అట్టి రక్షణ లేదు. ఏటేటా ఒకే రేవు నుండి, అదే కటకంతో, అంతే సమయం షట్టరు తెరచి తీసిన చిత్రాలలో ఎన్ని చుక్కలు మిగిలినవో లెక్కించడం కళాశాల విద్యార్థులకు అందుబాటులో ఉన్న పనియే. చంద్రుడు లేని రాత్రులనే ఎన్నుకొని, ప్రతి చిత్రంతోపాటు తేదీ, గంట, దిక్కు వ్రాసి ఉంచాలి.