పాత కారు – బోరా, వాల్వులా?

మన విద్యార్థుల తండ్రులలో కొందరికి పాత పెట్రోలు కారే జీవనాధారము. ఇంజను బోరుకు వచ్చినదని వినినంతనే అప్పునకు పోయినవారిని ఎరుగుదుము. నీలిపొగ యొక్కటే సాక్ష్యము కాదు. వాల్వు గైడులు అరిగినను అదే పొగ వచ్చును.

ఇంజను నడుచుచుండగా, ముఖము దూరముగా నుంచి, నూనె పోయు మూత తీయుడు. పొగ గుప్పుగుప్పున వెడలినచో, బ్రీదరు గొట్టము పూడలేదు గదా యని చూచి, రింగులను అనుమానింపవచ్చును. నిర్ణయము మాత్రము కంప్రెషను కొలతదే. వేడి ఇంజనునకు ప్లగ్గులన్నియు తీయించి, ఇగ్నిషనును పెట్రోలును ఆపించి, థ్రాటిలు పూర్తిగా తెరపించి, స్టార్టరుతో త్రిప్పించి ఒక్కొక్క సిలిండరును కొలిపింపుడు. తగ్గినదానిలో చెంచాడు ఇంజనాయిలు పోయించి మరల కొలిపింపుడు. అంకె బాగుగా పెరిగినచో లోపము రింగులదో, సిలిండరు గోడలదో. పెరుగనిచో వాల్వులదో, హెడ్డు గాస్కెట్టుదో. వాల్వుల మరమ్మతునకు బోరు అక్కరలేదు. రెండు అంకెలును కాగితముపై వ్రాసి యీయనిదే ఇంజను విప్పనీయకుడు.