హాండిలు సంచిని గూర్చి మేనల్లునికి

పరవాడ



నీ ఉత్తరము చేరినది. వచ్చే నెలలో ఫార్మాసిటీలో ఉద్యోగమున చేరి, లంకెలపాలెములో గది తీసుకొని, షిఫ్టులకు సైకిలు మీదనే వచ్చి పోవ నిశ్చయించితివని తెలిసి సంతోషించితిని. హాండిలుకు తగిలించు సంచి ఎట్టిది కొనవలెనని అడిగితివి. ఈ త్రోవ ఎరిగినవాడను గనుక వివరముగా వ్రాయుచున్నాను.

పుష్యమాసమున ఇచ్చట 6.15 దాటినగాని సూర్యోదయము కాదు. కావున ఆరు గంటల షిఫ్టుకు బయలుదేరువాడును, రెండవ షిఫ్టు ముగించి రాత్రి పది దాటిన పిమ్మట ఇల్లు చేరువాడును చీకటిలోనే సైకిలు త్రొక్కవలసియుండును. 16వ నెంబరు జాతీయ రహదారిని విడిచి లంకెలపాలెము కూడలిలో పరవాడ వైపు తిరిగినది మొదలు, 2,000 ఎకరములకు పైబడిన ఫార్మాసిటీకి పోవు ట్యాంకర్లును, 2,000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్కేంద్రపు బూడిద మోయు లారీలును నీ ప్రక్కనుండి సాగిపోవుచునేయుండును. ఎదుటి లారీ దీపము కన్నులలో కొట్టి దాటిపోయిన మరుక్షణమున రోడ్డుమీది గొయ్యి కనబడదు. అప్పుడు నీకు దిక్కు నీ సైకిలు దీపమే. అందుచేత సంచిని ఎన్నుకొనుటకు ముందు దీపమెచ్చట నుండవలెనో నిర్ణయించుకొనుము.

మన పాత నల్ల సైకిళ్లకు దీపపు బ్రాకెట్టు హాండిలు నడుమ ముందువైపున ఉండును. సంచి సరిగ్గా అచ్చటనే కూర్చుండి దీపమును మూసివేయును. దీపమును పైకెత్తి హాండిలు మీద బిగించినచో సంకటము తీరినట్లే తోచును గాని, సంచి అంచు అడ్డు తగులుటచే చక్రము ముందరి నేల నీడలో మునిగిపోవును. పైమూత లేతరంగుదైనచో ఆ వెలుగు తిరిగి నీ కన్నులలోనే పడి, దూరమున నున్నదియు మసకబారును. 1891లో పోటీగా ఆరంభమైన పారిస్–బ్రెస్ట్–పారిస్ సైకిలు యాత్రలో ఇప్పటికిని సుమారు 1,200 కిలోమీటర్లు రాత్రింబవళ్లు త్రొక్కువారున్నారు. వారిలో పెద్ద ముందు సంచి కట్టుకొనువారు దీపమును సంచికంటె దిగువను, ముందు చక్రముపై నుండు చిన్న క్యారియరు కొసనో, ఫోర్కునకో బిగించుకొందురు. నీవును అట్లే చేయుము. సైకిలు షాపువాడు ఫోర్కుకు క్లాంపు వేసి యిచ్చును.

ఇక పట్టీలు. నీది రాడ్డు బ్రేకుల సైకిలైనచో హాండిలును అంటిపెట్టుకొని బ్రేకు కడ్డీలు ఉండును. తొందరలో పట్టీని హాండిలునకును కడ్డీకిని కలిపి చుట్టితివేని, బ్రేకు సగము పట్టియేయుండి త్రొక్కుట భారమగును. సంచి కట్టిన పిదప రెండు బ్రేకులను నొక్కి విడిచి, చక్రమునెత్తి త్రిప్పి చూడుము. వైరు బ్రేకులైనచో వైర్లు సంచి వెనుక మడతపడరాదు. రెండు పట్టీలు చాలవు. హాండిలు క్రిందనుండు గొట్టమునకు చుట్టు మూడవ పట్టీ లేనిదే, గోతిలో పడినప్పుడెల్ల సంచి ఎగిరి హాండిలును ప్రక్కకు లాగును. చేసంచిని హాండిలు కొనకు వ్రేలాడదీయుట మరీ ప్రమాదము. అది స్పోకులలో చిక్కెనా, ముందు చక్రము నిలిచిపోయి మనిషి ఎగిరి పడును.

అన్నపు క్యారేజీని, నీళ్లసీసాను వెనుక క్యారియరు మీదనే కట్టుకొనుము. ముందు సంచిలో ఐడీ కార్డు, వానకోటు, పంక్చరు సామాను, అదనపు బ్యాటరీలు మాత్రము చాలును. రెండు కిలోలకు మించనీయకుము.

గుడ్డ విషయమున నా అభిప్రాయము దృఢము. రెక్సిను ఎండకు పగులును. దళసరి టార్పాలిను గుడ్డయే మేలు. ఆశ్వయుజ కార్తీకముల తుపాను వానలకు జిప్పు ఒక్కటే ఆగదు గనుక దానిపై మూత కప్పవలెను. నలుపు, ముదురు నీలము వద్దు. ముందును ప్రక్కలను వెలుగుకు మెరియు పట్టీలు కుట్టించుము; బూడిద దుమ్ము వానిని త్వరలోనే మాపును గనుక వాటిని, దీపపు అద్దమును తరచుగా తడిగుడ్డతో తుడువుము. వెనుకనుండి వచ్చు లారీకి ఈ సంచి కనబడదు. దానికై వెనుక మడ్‌గార్డుకు ఎర్ర దీపము వేరుగా కొనవలసినదే, అందులో పిసినారితనము కూడదు.

అంగడి సంచులు నీ హాండిలుకు ఒదుగునన్న నమ్మకము నాకు లేదు, కావున కుట్టించుటయే మంచిది. రెండు పిడుల నడుమ వెడల్పును, హాండిలు నుండి ముందు మడ్‌గార్డు వరకు గల ఎత్తును టేపుతో కొలిచి, బ్రేకులు ఏ రకమో కూడ తెలిపి వెంటనే వ్రాయుము. గుడ్డ నేనే కొని కుట్టువానికి ఇచ్చెదను. అమ్మకు నా ఆశీస్సులు తెలుపుము.

ఇట్లు,
నీ మామయ్య