పూలదుంపల ఎంపిక

విత్తనమునుండి మొలచు మొక్కలు కొన్ని; కొమ్మను నాటిన బ్రదుకునవి కొన్ని; దుంపనుండి పుట్టునవి మరికొన్ని. నేలసంపెంగ ఈ చివరి తెగకు చెందినది. పూల అంగడిలో దీనినే లిల్లీ యందురు. మెక్సికో దేశమున పుట్టిన యీ మొక్క నేడు మన పెండ్లి దండలలోను, దేవుని మాలలలోను చోటు సంపాదించుకొన్నది.

ఉల్లిగడ్డను నిలువుగా కోసి చూడుడు. అడుగున వేళ్లు పుట్టు గట్టి బిళ్ల, దానిపై కండగల పొరలు, నడుమ లేత మొలక కనబడును. నేలసంపెంగ దుంప నిర్మాణమును ఇంచుమించు ఇట్టిదే. పొరలలోనిది రాబోవు మొక్కకై కూడబెట్టిన ఆహారము. నడుమ నున్నది ప్రాణము. కావున దుంపను కొనువాడు ప్రాణమున్నదానిని కొనుచున్నాడని గ్రహింపవలెను.

తక్కువ ధరల దుకాణములలో దుంపలు చౌకగా దొరకుటకు తరచుగా ఒక కారణముండును. నాటుకాలము దాటిపోవుచుండగా మిగిలిన సరుకును వర్తకుడు ధర తగ్గించి అమ్మును. అందు దోషము లేదు. కాని ప్లాస్టికు సంచిలో బిగించిన దుంప గాలి లేక చెమర్చును. చెమ్మవలన బూజు పట్టును. ఎండలో నుంచినచో వడలిపోవును.

అట్లని ఎక్కువ ధర పెట్టినచో మంచి దుంప దొరకునని తలచరాదు. పదునేడవ శతాబ్దమున హాలెండు దేశస్థులు చారల తులిప్ పూలపై మోజుపడి, ఒక్కొక్క దుంపకు విపరీతమైన ధర పెట్టిరి. 1637 ఫిబ్రవరిలో ఆ వ్యాపారము కుప్పకూలెను. ఆ అందమైన చారలు ఒక వ్యాధివలన కలిగినవని 1928లో డొరోతీ కేలీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞురాలు తన పరిశోధనలద్వారా వెల్లడించెను. అనగా నాటి ధనికులు రోగముగల దుంపలకే అధికమూల్యమిచ్చిరి. ధర ఆరోగ్యమునకు గుర్తు కాదు. కన్ను, చేయి, ముక్కు అను మూడే మనకు నమ్మదగిన సాధనములు.

మొదట దుంపను అరచేతిలో నుంచుకొని చూడవలెను. ఆరోగ్యముగల దుంప తన పరిమాణమునకు తగిన బరువుతో గట్టిగా నుండును. తేలికగా నున్నచో లోపల ఎండినదని యెరుగునది. పిదప అడుగుబిళ్లను, మెడను వ్రేలితో మెల్లగా నొక్కవలెను. మెత్తబడినచో కుళ్లు మొదలైనదన్నమాట. దుర్వాసన వచ్చు దుంపను తీసికొనరాదు. పైపొర కాగితమువలె ఊడినంతమాత్రమున భయపడనక్కరలేదు. ఉల్లిపొట్టువలె అది సహజము. పొట్టి మొలకయు దోషము కాదు. చీకటిలో పొడవుగా సాగి పాలిపోయిన మొలక మాత్రము దుంప బలమును హరించినదని తెలియును. నేలసంపెంగకు రెండు మూడు సెంటీమీటర్ల అడ్డుకొలతగల దుంపలు మేలు. మరీ చిన్నవి మొదటి యేట పూయకపోవచ్చును.

దుంప మన ప్రాంతమునకు తగునా యని కూడ విచారింపవలెను. తులిప్ పూయుటకు ముందు కొన్ని వారముల చలి కావలెను. కాశ్మీరమున పూచునది కదాయని దానిని తెచ్చి కోటగిరి ఎండలలో నాటినచో, దుంప ఎంత మంచిదైనను ఫలితము దక్కదు.

చెడిన దుంపవలన పోవునది పది రూపాయలే యనుకొనుట పొరపాటు. దుంపపై తెల్లని దారములు, ఆవగింజలవంటి గోధుమవన్నె గింజలు కనబడినచో అది ఒక శిలీంధ్రము. ఆ గింజలు నేలలో ఏండ్ల తరబడి నిలిచి వేరుసెనగ, టమాటా, మిరప పైరులను సైతము పట్టగలవు. మరియు కంటికి కనబడని నులిపురుగులు కొన్ని దుంపలలో దాగి ప్రయాణము చేయును. పశ్చిమ బెంగాలు నేలసంపెంగ తోటలలో మొగ్గలను విచ్చనీయక మాడ్చు నులిపురుగు, వరికి తెల్లకొన తెగులు కలిగించు పురుగునకు దగ్గరి చుట్టము. నిజామాబాదు జిల్లాలోని కోటగిరి పరిసరములు నిజాంసాగర్ కాలువ నీటితో వరి పండు సీమ. ఒక మడి నీరు మరొక మడికి పారుచోట, ఒకరి తోటలోని తెగులు పొరుగువారి చేనికి చేరుట సులభము.

కావున కొని తెచ్చిన దుంపలను వెంటనే సంచినుండి తీసి, నీడలో గాలి తగులునట్లు పరచవలెను. చెడినవానిని ఏరి కాల్చివేయవలెనే కాని కాలువలో పారవేయరాదు. మంచివానిని మొదట కుండీలలో నాటి, కొన్నాళ్లు గమనించిన పిమ్మటనే తోటలో పెట్టవలెను. కొన్ని పూలదుంపలు విషముగలవి. వానిని వంటింటిలో ఉల్లిగడ్డల చెంత నుంచరాదు.

ఈ జిల్లాలో పసుపు పండించు రైతునకు ఈ నీతి క్రొత్తది కాదు. దుంపకుళ్లు సోకని చేనినుండియే అతడు విత్తనపు కొమ్ములను ఏరుకొనును. ఆ జాగ్రత్తనే పూలదుంపయందును చూపవలెను. చౌకగా కొనుట నేర్పే. కాని చూచి కొనుట, మన నేలను, పొరుగువాని పైరును కాపాడు ధర్మము.