నిలిపే నేర్పు

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం ప్రసిద్ధ పుణ్యక్షేత్రం. శ్రీరామనవమినాడు అక్కడి దారులు భక్తులతో కిక్కిరిసిపోతాయి. అటువంటి దారిలో కారు నడిపేవారి నేర్పు వేగంలో కాక, వాహనాన్ని సకాలంలో నిలపడంలో ఉంటుంది.

వేగానికై రూపొందిన స్పోర్ట్సు కారుకూ ఈ సూత్రం వర్తిస్తుంది. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ పందెంలో జాగ్వార్ విజయానికి డిస్కు బ్రేకులు ఎంతగానో తోడ్పడ్డాయి. చక్రంతోపాటు తిరిగే డిస్కును రెండు ప్యాడ్లు ఇరువైపులా నొక్కుతాయి. ఆ రాపిడికి ప్యాడ్లు క్రమంగా అరిగిపోతాయి.

వీటిని ఇంటివద్ద మార్చదలచినవారు ముందుగా కారుతో ఇచ్చిన పుస్తకాన్ని చదవాలి. కారును సమతలంపై నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టాలి. జాకీ ఎత్తడానికి మాత్రమే; బరువును మోయడానికి స్టాండు ఉండాలి. విప్పిన క్యాలిపర్‌ను బ్రేకు గొట్టానికి వేలాడనీయరాదు. పిస్టన్‌ను మెల్లగా లోపలికి నెట్టాలి. ప్యాడ్ల రాపిడి తలానికి నూనె గాని గ్రీజు గాని అంటరాదు. ఒకే ఇరుసుపై గల రెండు చక్రాలకూ ప్యాడ్లను ఒకేసారి మార్చాలి.

అంతటితో పని ముగిసిందని భావించడం ప్రమాదకరం. లోపలికి నెట్టిన పిస్టన్ తిరిగి ప్యాడ్‌ను చేరేవరకు బ్రేకు పట్టదు. పెడలు అడుగుకు దిగిపోతుంది. కనుక కారు కదలకముందే పెడలు గట్టిపడేవరకు పలుమార్లు తొక్కాలి. ఆపై జనసంచారం లేనిచోట నెమ్మదిగా పరీక్షించాలి. సందేహం మిగిలితే మెకానిక్కును ఆశ్రయించడమే వివేకం. ఈ జాగ్రత్త కారు యజమాని కొరకే కాదు, ఎదుట నడిచే అపరిచితుని కొరకు కూడా.

ప్రశ్న: ప్యాడ్లు మార్చిన వెంటనే కారు నడపరాదనడానికి కారణమేమి?