కాయకము – తెరచియుంచిన లెక్క



మన యిండ్లలోని యువతీ యువకులు నేడు అనేక వృత్తులలో ప్రవేశించి యున్నారు. ప్రభుత్వ కార్యాలయములలో, బ్యాంకులలో, పాఠశాలలలో, ఆసుపత్రులలో, అంగళ్లలో, కంప్యూటరు సంస్థలలో పని చేయుచున్నారు. వీరందరి ప్రశ్న యొక్కటే: ఉద్యోగమున రాణించుట యెట్లు? పైమెట్టు నెక్కుట యెట్లు? మాటకారితనము, పెద్దల పరిచయము ఇందుకు మార్గములని లోకము చెప్పును. బసవ మార్గము చెప్పునది వేరు. నీ పనిని ఎవరైనను ఏ క్షణమున నైనను తెరచి చూడదగిన స్థితిలో నుంచుము. ఈ పాఠమునందు ఆ యొక్క విషయమునే విచారింతము.

కచేరిలో బసవేశ్వరుడు

బసవేశ్వరుని గురువుగాను, సంఘసంస్కర్తగాను మనము నిత్యము స్మరింతుము. ఆయన ఒక రాజు కొలువులో జీతమునకు పనిచేసిన ఉద్యోగి యను సంగతిని మాత్రము తరచుగా మరతుము. 12వ శతాబ్దమున కలచురి బిజ్జలుని కొలువున ఆయన మొదట మంగళవాడలో గణకుడుగా లెక్కలు వ్రాసెననియు, పిదప కల్యాణమున భండారియై బొక్కసమును నిర్వహించెననియు కన్నడ సంప్రదాయము చెప్పుచున్నది. ఆ కల్యాణమే నేటి కర్ణాటకలోని బీదరు జిల్లా బసవకల్యాణము.

పాల్కురికి సోమనాథుడు తెలుగున రచించిన బసవపురాణమున ఒక ఘట్టము కలదు. బసవన్న రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని గిట్టనివారు బిజ్జలునకు చాడి చెప్పిరి. రాజు సంజాయిషీ యడిగెను. బసవేశ్వరుడు లెక్కకు వెనుదీయలేదు. బొక్కసమును తెరిపించి ధనము నెల్ల లెక్కింపించెను. ఒక్క మాడయు తక్కువ కాలేదు.

భక్తులమగు మనకు ఇది శివుని మహిమ. ఉద్యోగికి ఇందు మరియొక పాఠము కూడ కలదు. నింద వచ్చినపుడు ఆయనకు సాక్షి యైనది ఆయన లెక్కయే.

కాయకమునకు గుర్తులు

కాయమనగా శరీరము. కాయముతో చేయు శ్రమ గనుక కాయకము. ఐనను జీతము వచ్చు ప్రతి పనియు కాయకము కాదు. శరణుల చరిత్రల వలన దానికి మూడు గుర్తులు తెలియుచున్నవి.

మొదటిది తప్పించుకొనకుండుట. నులియ చందయ్య గడ్డి కోసి, త్రాళ్లు పేని, అమ్మి, వచ్చిన దానితో జంగమ దాసోహము చేసిన శరణుడు. గడ్డి కోయుచుండగా ఇష్టలింగము నీట జారిపడినను ఆయన పని ఆపలేదని కథ. ఇది లింగమును తక్కువ చేయుట కాదు. పూజ పేరు చెప్పి పనికి ఆలస్యముగా పోవు మనకు ఇది హెచ్చరిక.

రెండవది మితి. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలను ఏరుకొని వచ్చెడివాడు. ఒకనాడు అలవాటుకంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. ఎక్కువైన బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను.

మూడవది దాసోహము. మనకు కలిగినది, ధనమే కానిండు, విద్యయే కానిండు, మన యొద్దనే నిలిచిపోరాదు.

ఒక స్వానుభవము

ఈ వ్యాసకర్త చాల సంవత్సరములకు పూర్వము ఒక సహకార సంఘమున క్యాషియరుగా పనిచేసెను. నెలాఖరు రద్దీలో మూడు దినముల చిట్టా వ్రాయలేదు. రసీదులు ఇచ్చుచుంటిని, చెల్లింపులు చేయుచుంటిని, చీటీలను సొరుగులో వేయుచుంటిని. అంతయు జ్ఞాపకమున్నదను ధీమా. నాలుగవ దినమున వ్రాసి కూడగా రొక్కము 240 రూపాయలు తక్కువ వచ్చినది. మేనేజరుగారు పిలిచి అడిగిరి. “నా గదిలోనికి అటెండరు తప్ప ఎవరును రారండీ” అని చెప్పితిని. అతడు తీసెనని నేను అనలేదు. కాని నా మాట ఆ పని చేసినది. ఎనిమిది దినములు అతనిని వరండాలో కూర్చుండబెట్టిరి. ఎవరును అతనితో సరిగా మాటలాడలేదు.

తొమ్మిదవ దినమున, ఒక సభ్యునికి చెల్లించిన 240 రూపాయల ఓచరు మరియొక ఫైలు కాగితముల నడుమ దొరికినది. మేనేజరుగారికి చూపి, అటెండరును క్షమింపుమని అడిగితిని. “పోనీండి సార్” అనెను. కాని నేను అక్కడ పనిచేసినంత కాలము అతడు మరల నా గదిలో కూర్చుండి టీ త్రాగలేదు. ఆ దినములలో ఒక్కపూటయైనను నా లింగపూజ తప్పలేదు. తప్పినది చిట్టా. నా సోమరితనమునకు శిక్ష మరియొకడు అనుభవించెను. కాయకము శుద్ధముగా లేనిచో పూజ దాని కొరతను పూడ్చదని ఆనాడు తెలిసినది.

నిత్యాచరణ

ఆ తరువాత నేర్చుకొన్నవియు, పెద్దలు చెప్పినవియు ఇచట వ్రాయుచున్నాను.

1. నాటి లెక్క నాడే ముగింపవలెను. రొక్కము చూచువారు నోట్ల విలువల వారీగా లెక్కించి, పుస్తకపు నిల్వతో సరిచూచి, పిదపనే ఇంటికి పోవలెను. ఆసుపత్రిలో నర్సు మందు ఇచ్చిన వెంటనే వ్రాయవలెను. డ్యూటీ ముగియు వేళ జ్ఞాపకముతో వ్రాయుట ప్రమాదము. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు ఏది మార్చిరో, ఏల మార్చిరో తరువాతివారికి తెలియునట్లు వ్రాసియుంచవలెను.

2. ఉదయమున ఆనాటి ముఖ్యమైన పనులు మూడింటిని కాగితముపై వ్రాసికొనవలెను. గట్టిగా అరచినవాని పని మొదటిది కాదు. ఎవరి జీవనము దానిపై ఆధారపడి యున్నదో వారి పని మొదటిది. ఒక వితంతువు పింఛను ఫైలు మన బల్లపై ఒక దినము నిలిచిన, ఆమె యింటిలో ఒక దినపు ఖర్చు నిలిచిపోవును.

3. గడువు ఇచ్చునపుడు చేయగలిగినదే చెప్పవలెను. జరుగదని తోచినచో గడువునకు ముందే తెలుపవలెను. ముందుగా చెప్పిన ఆలస్యమునకు ఎదుటివారు వేరు ఏర్పాటు చేసికొందురు.

4. తప్పు జరిగినచో ఆ దినముననే మన నోటితోనే పై యధికారికి చెప్పవలెను. ఏమి జరిగినది, సరిదిద్దుటకు ఏమి చేసితిమి అను రెండు మాటలు చాలును.

5. ఎక్కువైన దానిని ఇంటికి తేరాదు. మామూళ్లు, కానుకలు, పనిచేయని గంటలకు అదనపు భత్యము లక్కమ్మ త్రిప్పి పంపిన బియ్యమువంటివి. ఇతరుల పనికి వచ్చిన మెప్పును మనదిగా చెప్పుకొనుటయు అట్టిదే.

6. ఏటేట ఒక కొత్త పని నేర్వవలెను; తెలిసిన పని ఒకటి క్రిందివారికి నేర్పవలెను. తనకు తప్ప ఎవరికిని తెలియకుండ పనిని దాచుకొన్న, తాను లేనిదే కార్యాలయము సాగదని కొందరు తలతురు. అట్టివానిని ఆ కుర్చీనుండి కదల్చుటకు అధికారులు జంకుదురు. క్రింది కుర్చీ విడువలేనివాడు పై కుర్చీ నెట్లు ఎక్కును? విద్యాదాసోహము పుణ్యమే కాదు, అభివృద్ధికిని మార్గము.

ఒక సందేహము

ఇట్లు నడచినవానికి పదోన్నతి తప్పక వచ్చునా యని కొందరు అడుగుదురు. తప్పక వచ్చునని చెప్పుట అసత్యము. శుద్ధముగా పనిచేసినవాడు వెనుకబడుటయు, ఇచ్చకములాడువాడు ముందునకు పోవుటయు మనము చూచుచునే యున్నాము. అన్యాయమును మౌనముగా భరింపుమని కాయక తత్త్వము చెప్పదు. వినయముగా, వ్రాతపూర్వకముగా అడుగవలెను. అపుడు మనకు బలము మన తేటయైన లెక్కయే.

బసవేశ్వరుని పదవియు శాశ్వతముగా నిలువలేదు. హరళయ్య మధువరసుల యిండ్ల వివాహముతో రేగిన సంక్షోభమున ఆయన కల్యాణమును విడిచి కూడల సంగమమునకు వెడలెనని సంప్రదాయము. భండారి పదవి అచటనే మిగిలిపోయినది. ఎనిమిది వందల యేండ్ల పిదప మనము స్మరించుచున్నది ఆ పదవిని గాదు, ఆ పదవిలో ఆయన నడచిన తీరును.

ఇంటికిని మఠమునకును

ఈ పాఠము ఉద్యోగులకు మాత్రమే కాదు. ఇంటి పెద్ద తన అప్పులను, పొదుపును భార్యాబిడ్డలకు తెలియునట్లు వ్రాసియుంచవలెను. హఠాత్తుగా ఆయన లేనినాడు వారికి అదే దారి చూపును. మఠములలో దాసోహపు బియ్యము, కానుకల రొక్కము వ్రాయు పుస్తకము అడిగిన భక్తునకు చూపదగినట్లు ఉండవలెను. భండారి బసవన్న మార్గమున నడచువారము గనుక మనకు ఈ విషయమున బాధ్యత ఎక్కువ.

చింతనకు

కుటుంబమున గాని సత్సంగమున గాని ఈ ప్రశ్నలను చర్చింపగలరు.

1. రేపు ఉదయము నా స్థానమున మరియొకరు కూర్చుండినచో, నన్ను అడుగకయే పని సాగునా?

2. నేను వాయిదా వేసిన పని వలన ఈ వారము ఎవరు ఇబ్బంది పడిరి?

3. నేను ఇంటికి తెచ్చినదానిలో లక్కమ్మ త్రిప్పి పంపదగినది ఏదైన కలదా?

మూడవ ప్రశ్నకు సమాధానమును ఇతరులకు చెప్పనక్కరలేదు. రాత్రి పూజలో లింగము నెదుట చెప్పుకొని, ఉదయమున ఆ వస్తువును తిరిగి ఇచ్చివేసిన చాలును.