మధుమేహ భయము – భోజన త్యాగము : ఇంటివారు తెలిసికొనవలసిన విషయములు

మధుమేహము అను మాట వినగానే పలువురకు తీసివేసిన పాదమును, పోయిన చూపును తలపునకు వచ్చును. ఈ భయము నిరాధారమైనది కాదు. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెల్లడించిన పరిశీలన ననుసరించి ఈ దేశమున 10 కోట్లకు మించినవారికి ఈ వ్యాధి కలదు. మరి 13 కోట్లకు పైబడినవారు దాని వాకిట నిలిచియున్నారు. వ్యాధిని చూచి కొంత జంకుట మంచిదే. అది మనుష్యుని మందు వేసికొనునట్లును, నడచునట్లును చేయును. ఆ జంకు పెరిగి పెరిగి అన్నమునకే దూరము చేసినపుడు మాత్రము అదియు నొక వ్యాధిగనే యెంచదగినది.

కోల్‌కతా కెదురుగా, హుగ్లీ నదికి పడమట, హౌరా జిల్లాలో సంత్రాగాఛి కలదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండియు రైలు కొలువులకై తెలుగువారు ఈ మార్గము పొడవునను వలస వచ్చియున్నారు. అట్టి కుటుంబము నొకదానిని ఊహించుకొందము. ఉద్యోగ విరమణ చేసిన యింటి పెద్దకు పరగడుపున రక్తములో చక్కెర 132 మిల్లీగ్రాము లుండెను. మరల చూడగా అంతే. 126 గాని అంతకు మించి గాని యున్నచో మధుమేహ మందురు. వైద్యుడు గ్లిమిపిరైడ్ మాత్ర యిచ్చి, అన్నము కొంత తగ్గించి, దినమును నడువు మని చెప్పెను. ఆయన యన్నగారికి విజయనగరమున ఇదే వ్యాధివలన పాదము తీసివేసిరి. ఆ కట్టుకట్టిన కాలు ఆయన మనస్సును విడువలేదు.

మొదట చక్కెర మానెను, మంచిదే. పిమ్మట అన్నము మానెను. తరువాత ఇడ్లీ, అరటిపండు, పాలు ఒక్కొక్కటే పోయినవి. సంత్రాగాఛి కంద బెంగాలు దేశమంతట పేరుపొందినది. దానిని సయితము దుంప యన్న పేరున గడప దాటనీయలేదు. రాత్రి భోజనమునకు బదులు ఒక గ్లాసు మజ్జిగ మిగిలెను. దినమునకు ఏడెనిమిది మారులు వేలు గుచ్చుకొని చూచుకొనుట, అంకె పది పెరిగినచో మరునాడు ఉపవాసముండుట, పెండ్లి పిలుపులకు పోకుండుట అలవాటయ్యెను. నాలుగు నెలలలో తొమ్మిది కిలోల బరువు తగ్గగా చుట్టములు మెచ్చుకొనిరి. ఇట్టి మెప్పులు ఎంత కీడు చేయునో మెచ్చువారు ఎరుగరు.

శీతకాలమున ఒక ఉదయము, వలస పక్షులు దిగు ఝీల్ గట్టున నడచుచుండగా ఆయనకు చేతులు వణకి, చెమటలు పోసి, మాట తడబడెను. కారణము సులభమే. గ్లిమిపిరైడ్ వంటి మాత్ర తిండి యున్నను లేకున్నను క్లోమమునుండి ఇన్సులిన్‌ను ఊరించుచునే యుండును. ముందురాత్రి భోజనము లేదు, మాత్ర మాత్రము మానలేదు. రక్తములోని చక్కెర 70 మిల్లీగ్రాములకు దిగువకు జారినది. అన్నగారి కాలును తీసిన వ్యాధి కొన్ని సంవత్సరములలో చేయు హానిని, ఈ జారుడు కొన్ని నిమిషములలో చేయగలదు.

ఆకలితో మధుమేహమును అణచవలె నను తలంపు క్రొత్తది కాదు. ఇన్సులిన్ దొరకని కాలమున, 1915 ప్రాంతమున, అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ అను వైద్యుడు రోగులను దాదాపు పస్తులుంచి కొంతకాలము బ్రదికించెను. అప్పటికి వేరు దారి లేదు. ఆ చికిత్స పొందిన ఎలిజబెత్ హ్యూస్ అను బాలిక 1922 ఆగస్టులో పదునైదేండ్ల ప్రాయమున సుమారు 20 కిలోల బరువు మాత్రమే యుండెను. టొరంటోలో 1921లో కనుగొనబడిన ఇన్సులిన్ ఆమెకు లభించుటతో కడుపునిండ తిని కోలుకొని, 1981 వరకు జీవించెను. వేరు దారి ఏర్పడి నూరేండ్లు దాటిన పిమ్మటను పాత పస్తుల దారినే పట్టుట యేల?

ఇక ఇంటివారి సంగతి. సాధారణముగా వారు రెండు తప్పులు చేయుదురు. “ఏమండీ, ఇంత పిరికితన మేమిటి? అందరికీ లేదా ఈ జబ్బు?” అని ఇల్లాలు కసరుట యొకటి, కంచము ముందు యుద్ధము జరిగిన యింట అన్నము మరింత చేదగును. రెండవది, ఆయన కోరినట్లే వంట అంతయు మార్చి మౌనముగ నుండుట. “కందకు లేని దురద కత్తిపీట కేల” యను సామెతను అడ్డుపెట్టుకొని ఊరకుండువారును కలరు. ఇచట కత్తిపీటకును దురద యుండవలసినదే.

మాటాడుటకు భోజనవేళ తగదు. తీరికగా నున్నపుడు, “అన్నయ్యగారి కాలు తలచుకొని భయపడుచున్నారా?” యని అడిగినచో చాలమారులు అసలు సంగతి బయటపడును. ఆ భయమును కొట్టివేయక వినవలెను. పిమ్మట, “ఈ తిండి లెక్క మనము నిర్ణయించుకొనవద్దు, డాక్టరుగారినే అడుగుదము, నేనును వచ్చెదను” అనుట మేలు. వైద్యునియొద్ద తిండి మానిన సంగతిని, బరువు తగ్గిన సంగతిని దాపక చెప్పవలెను. తినుట తగ్గినచో మాత్ర మోతాదు మార్చవలసి యుండును. గ్లిఫ్లోజిన్ జాతి మాత్రలు వాడువారు పస్తుండుట వేరొక విధమున అపాయకరము. రక్తము ఆమ్లపూరితము కావచ్చును. ఇన్సులిన్ వాడువారు వైద్యుని అడుగక తిండినిగాని సూదినిగాని మానరాదు.

అన్నము విషము కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో ధాన్యములనుండి వచ్చు శక్తి 45 శాతమునకు మించరాదని చెప్పబడినది. అసలే వలదని చెప్పబడలేదు. కంచములో సగము కూరగాయలు, పాతిక పప్పుగాని చేపగాని గ్రుడ్డుగాని, పాతిక అన్నముగాని రొట్టెగాని ఉండుట సులువైన కొలత. కంద వండిన పూట ఆ మేరకు అన్నము తగ్గించిన చాలును. ఈ భోజనమునే ఇంటిల్లిపాదియు తినవలెను. ఒక్కరికి వేరుగ పథ్యపు గిన్నె పెట్టిన యింట రోగి మరింత ఒంటరి యగును. మానినవాని నన్నిటిని ఒక్కనాడే వడ్డింపక, వారమున కొకటి చొప్పున మరల తెచ్చి, తిన్న రెండు గంటలకు ఒకమారు చక్కెర చూచుకొనుట యుక్తము. పెక్కుమందికి అది 180 లోపు నున్నచో చాలును. కంటితో చూచిన అంకె చేయు పని వాదములు చేయలేవు. అయితే గుచ్చుకొనుట యెన్నిమారులో వైద్యుడే చెప్పవలెను. మూడు నెలల సగటును తెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్ష కొన్ని గుచ్చులను తప్పించును.

బరువు తగ్గుట ఆగనిచో, తినిన పిమ్మట తప్పు చేసినట్లు కుములుచున్నచో, తిండి యూసు తప్ప వేరు ఊసు లేకున్నచో మానసిక వైద్యుని సాయమును కోరవలెను. ఇందు సిగ్గుపడవలసినది లేదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి ఉచితముగ మాటాడవచ్చును.

చేతులు వణకి చెమట పట్టినచో మూడు చెంచాల చక్కెర నీట కలిపి త్రాగించి, పదునైదు నిమిషములకు మరల చక్కెర చూడవలెను. తగ్గియేయున్నచో మరల ఇచ్చి, తేరుకొనిన పిమ్మట భోజనము పెట్టవలెను. తెలివి తప్పినవారి నోట నేమియు పోయక, ఒక ప్రక్కకు పరుండబెట్టి, ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను. ఇట్టి మాత్రలుగాని ఇన్సులిన్‌గాని వాడువారు నడకకు బయలుదేరునపుడు వారి చొక్కాజేబులో చిన్న చక్కెర పొట్లము నుంచుట ఇల్లాలు గాని, కోడలు గాని మరువరాదు.