పదవి లేని పెద్దరికము

శాసనసభ్యుని విలువను లోకులు సాధారణముగా ఆయన పొందిన పదవిని బట్టి లెక్కింతురు. మంత్రి కానివాడు ఏమి సాధింపగలడని ప్రశ్నింతురు. ఈ ప్రశ్నకు సమాధానము గుంటూరు సీమలోని సత్తెనపల్లికి ప్రతినిధిగా నిలిచిన శ్రీ వావిలాల గోపాలకృష్ణయ్యగారి జీవితమున దొరకును.

వావిలాలవారు 1906 సెప్టెంబరు 17న సత్తెనపల్లిలో జన్మించిరి. స్వాతంత్ర్య సమరమున కారాగారవాసము చేసిరి. గ్రంథాలయోద్యమమున పాటుపడిరి. 1952, 1955, 1962, 1967 ఎన్నికలలో వరుసగా నాలుగు పర్యాయములు సత్తెనపల్లి ప్రజలు ఆయనను శాసనసభకు పంపిరి. తొలుత మద్రాసు శాసనసభలోను, పిమ్మట ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్ శాసనసభలలోను ఆయన కూర్చుండిరి. 1962, 1967లలో ఏ పక్షపు అండయు లేక స్వతంత్ర అభ్యర్థిగానే గెలిచిరి. మంత్రిపదవి ఎన్నడును చేపట్టలేదు.

స్వతంత్ర సభ్యునికి సభలో సంఖ్యాబలము ఉండదు. తానొక్కడే చట్టము చేయలేడు. అయినను ప్రశ్నించు హక్కు, చర్చించు హక్కు ఆయనకును కలవు. ప్రజల మాటను సభకు, సభలోని మాటను ప్రజలకు చేరవేయుట ఆయన బలము.

ఈ సీమకు నాడు ముఖ్యమైన కొరత నీరు. పల్నాటి నల్లరేగడి భూములలో ప్రత్తి వేసినను, మిరప వేసినను, వాన కొరకు ఆకాశమువైపు చూడవలసినదే. కృష్ణా జలములను పెన్నకు మళ్లించి దక్షిణమునకు గొనిపోవు ఆలోచన మద్రాసు ప్రభుత్వము చేసిన కాలమున, నందికొండయొద్ద ఆనకట్ట కావలెనని ప్రజలు ఉద్యమించిరి. ముక్త్యాల రాజావారు దానికి ఊపిరి పోసిరి. వావిలాలవారు దానికై కృషిచేసిన ప్రముఖులలో ఒకరు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. వావిలాలవారు నాలుగవసారి ఎన్నికైన సంవత్సరమున, 1967 ఆగస్టు 4న, ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. ఇది ఒక్కరి ఘనత కాదు. పలువురి పట్టుదల ఫలము.

రెండవ కొరత భాష. 1966 చట్టము తెలుగును అధికార భాషగా చేసినను, కార్యాలయములలో ఆంగ్లమే సాగుచుండెను. తన భూమిని గూర్చి వచ్చిన తాఖీదును చదువుకొనలేని రైతు మరియొకరిని బ్రతిమాలవలెను. చదివిపెట్టినవాడు చెప్పినదే ఆతనికి చట్టము. 1974లో ఏర్పడిన అధికార భాషా సంఘమునకు తొలి అధ్యక్షులై, పాలన ప్రజల భాషలో జరుగవలెనని వావిలాలవారు శ్రమించిరి. శాసనసభ్యత్వము ముగిసినను ఆయన పని ముగియలేదు.

ఖద్దరు ధరించి నిరాడంబరముగా జీవించిన ఆయనను జనులు ఆంధ్రగాంధీ యని పిలిచిరి. 1992లో భారత ప్రభుత్వము పద్మభూషణ్ పురస్కారము నొసగెను. 2003 ఏప్రిల్ 29న ఆయన కన్నుమూసిరి.

కాయకమును గౌరవించు కుటుంబములకు ఈ జీవితము చెప్పు పాఠము స్పష్టము: పదవి పనికి సాధనమే గాని, పనికి కొలత కాదు. ఓటు అడుగ వచ్చినవారిని "మీకు ఏ పదవి వచ్చును?" అని గాక, "మా ఊరి ఏ కొరతను సభలో వినిపింతురు?" అని అడుగవలెను. ఎన్నికైన పిదప ఆ ప్రశ్నను మరువకుండుట ఓటరు చేయవలసిన పని.